బతికి చెడ్డ కుటుంబాలు: గోదావరి పడమటి డెల్టాలో గూడు చెదిరిన కాలాలు

గోదావరి పడమటి పాయకూ కొల్లేటికీ నడుమ పరచుకున్న తణుకు, తాడేపల్లిగూడెం, భీమవరం, నరసాపురం, ఏలూరు ప్రాంతాలను ఇప్పుడు చూసేవారికి, అది ఆది నుంచీ కాలువ నీటితో, రెండు పంటలతో, నిండిన గాదెలతో తులతూగిన నేలేనని అనిపించడం సహజం. అయితే 19వ శతాబ్దపు మొదటి సగంలో ఈ నేల తన మనుషులను నిలుపుకోలేకపోయింది. తణుకు ప్రాంతం అప్పట్లో రాజమండ్రి జిల్లాలోనూ, ఏలూరు మచిలీపట్నం జిల్లాలోనూ ఉండేవి. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు దిగిపోయిందని కుంఫిణీ ప్రభుత్వం, అంటే ఈస్టిండియా కంపెనీ, తయారుచేయించిన లెక్కలు చెబుతున్నాయి. ఇరవై ఏళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు తగ్గిపోయారు. వారిలో కొందరు కరువులోనూ రోగాలలోనూ చనిపోగా, కొందరు ఇల్లూ వాకిలీ విడిచి వేరే సీమలకు తరలిపోయారు.

ఇలా తరలిపోయినవారిని చేతకానివారుగానో సోమరులుగానో లెక్కగట్టడం చరిత్రకు విరుద్ధం. యూరపు వర్తకులు సముద్రాలు దాటి వచ్చి కొనుక్కుపోయిన బట్టను నేసినవారు, శాస్త్రాలు చదివి చెప్పినవారు, తరతరాలుగా వరి పండించినవారు వారిలో ఉన్నారు. చదువు, పనితనం, కష్టపడే గుణం ఉన్న కుటుంబాలు గూడు కోల్పోయిన సందర్భాలు ఈ డెల్టా చరిత్రలో ఒకటికి మించి కనబడతాయి. ఆ సందర్భాలను వరుసగా పరిశీలిస్తే, మనుషులు దిక్కులేనివారు కావడానికి వారి గుణదోషాలకంటే, వారు ఆనుకున్న ఆధారాలు ఒకేసారి కూలిపోవడమే ముఖ్య కారణమని తేటతెల్లమవుతుంది.

చదువు, నేత: కలిమి ఉన్ననాటి లెక్క

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో రాజధాని అంతటా, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలన్నిటా, దేశీయ విద్య ఏ స్థితిలో ఉందో విచారించి తెలపమని కలెక్టర్లను ఆదేశించాడు. 1823లో రాజమండ్రి కలెక్టరు పంపిన జవాబు ప్రకారం ఈ జిల్లాలో 291 వీధిబడులు, వాటిలో 2,658 మంది పిల్లలు ఉన్నారు. అంతకంటే చెప్పుకోదగిన విషయం వేదశాస్త్రాలు బోధించే ఉన్నత విద్యాస్థానాలది. అలాంటివి 279 ఉండగా, వాటిలో 1,454 మంది విద్యార్థులు చదువుకుంటున్నారు. నన్నయ భట్టును తనవాడని చెప్పుకొనే తణుకుకు, ఘనాపాఠీలకూ శాస్త్రపండితులకూ పేరుపడిన గోదావరి తీరపు అగ్రహారాలకు ఇది తగిన సంఖ్యే.

అదే జవాబులో ఆ పండితులు ఎలా బతుకుతున్నారో కూడా నమోదైంది. 279 మంది గురువులలో మాన్యపు భూములున్నవారు 69 మంది మాత్రమే. వెనుకటి జమీందారులు ఏర్పాటుచేసిన నగదు భృతి పొందుతున్నవారు 13 మంది. మిగిలినవారిలో దాదాపు అందరూ జీతంగానీ మాన్యంగానీ లేకుండా, ఉన్నదానిలోనే శిష్యులకు కూడు పెట్టి చదువు చెబుతున్నవారే. మాన్యం అంటే శిస్తు లేకుండా గానీ నామమాత్రపు శిస్తుతో గానీ అనుభవించడానికి ఇచ్చిన భూమి. అది ఉన్న పండితుడికి చెడ్డ ఏడు వచ్చినా పాలికాపు నుంచి ఎంతో కొంత గింజ వచ్చేది. అది లేని పండితుడు ఊరి రైతుల పంట మీద, ఇంటింటి సంభావనల మీద ఆధారపడ్డాడు. ఊళ్లో పంట పోతే ఆయన పాండిత్యం ఏమాత్రం తరగకపోయినా, ఆయన ఇంటి పొయ్యి మాత్రం ఆరిపోయేది. చదువు ఒక్కటే బతుకుకు ఆధారం కాజాలదన్న సంగతి ఈ చిన్న లెక్కలోనే ఉంది.

నేతగాళ్ల కథ ఇంకొక దారిలో నడిచింది. పాలకొల్లులో డచ్చివారు, నరసాపురం పక్కన మాధవాయపాలెంలోనూ యానాం దగ్గర ఇంజరంలోనూ ఇంగ్లీషువారు వర్తక స్థానాలు పెట్టుకున్నారు; అప్పటి వాడుకలో వాటిని ఫ్యాక్టరీలనేవారు గానీ, అవి సరుకు సేకరించి, మడతపెట్టి, ఓడలకెక్కించే కొఠీలే తప్ప యంత్రశాలలు కావు. మాధవాయపాలెం పేరును ఇంగ్లీషువారు మడపొల్లం అని పలకడంతో, ఆ పేరే ఒక రకం తెల్లని నూలుబట్టకు ప్రపంచమంతటా స్థిరపడింది. దేవాంగులు, పద్మశాలీలు, కైకాలవారు మొదలైన నేత కులాలవారు ముందస్తుగా బయానా తీసుకొని, ఒప్పుకున్న కొలతకు, ఒప్పుకున్న పోగుల లెక్కకు గుడ్డ నేసి అప్పగించేవారు. అన్యాయం జరిగిందనుకున్నప్పుడు కులపెద్దల ద్వారా అర్జీలు రాయించి అధికారుల ముందు పెట్టడం కూడా వారికి తెలుసు.

నేతగాడి ఇంటిని కొంచెం దగ్గరగా చూస్తే, ఇల్లు పోవడమంటే అతనికి ఏమిటో అర్థమవుతుంది. గుంటమగ్గం అంటే ఇంటిలోపలి నేలలోనే గొయ్యి తవ్వి, అందులో కాళ్లుంచి తొక్కుడుచెక్కలను ఆడించేలా అమర్చిన మగ్గం. పడుగు, అంటే నిలువు నూలు, సిద్ధం చేయడానికి ఇల్లు చాలదు. తెల్లవారుజామున వీధి పొడవునా దానిని సాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. ఈ పని ఒక్క మనిషి చేయగలిగింది కాదు. ఇంటివారూ ఇరుగుపొరుగువారూ చెయ్యి వేయాలి. ఊరు విడిచే నేతగాడు నాడెను, అచ్చును మూటలో కట్టుకుపోగలడు గానీ, నేలలోని గుంటను, పడుగు సాచే వీధిని, చెయ్యి వేసే ఇరుగుపొరుగును తీసుకుపోలేడు. అందుచేత ఇల్లు పోయిననాడే అతని వృత్తి కూడా పోయేది. వేలి కొసల్లో అంత నేర్పు ఉన్నవాడు కొత్త ఊళ్లో మట్టి మోసే కూలీగా మిగలడానికి ఇదే కారణం.

ఆధారాలు ఒకదాని వెంట ఒకటి కూలిన తీరు

1813 చార్టరు చట్టం భారతదేశంతో వర్తకం మీద కుంఫిణీకి ఉన్న గుత్తహక్కును తొలగించింది; 1833 చట్టం కుంఫిణీ వర్తకాన్నే పూర్తిగా మాన్పించింది. ఈ రెంటి నడుమ, లాంకషైరు మరనేత బట్ట చవకగా మార్కెట్లను నింపుతున్న కాలంలోనే, 1820ల చివరకు మాధవాయపాలెం, ఇంజరం కొఠీలు మూతపడ్డాయి. ఏటేటా బయానాల రూపంలో పల్లెల్లోకి వచ్చే రొక్కం ఆగిపోయింది. మగ్గాల మీద, వృత్తుల మీద విధించే మొహతర్ఫా అనే పన్ను మాత్రం వెంటనే ఆగలేదు. నేతగాడి రాబడి పోయింది గానీ, మగ్గం ఉన్నందుకు కట్టవలసిన బాకీ నిలిచే ఉంది.

రైతు పరిస్థితి కూడా ఇలాగే సన్నగిల్లింది. 1802 నుంచి 1804 వరకు ఉత్తర సర్కారులలో అమలైన శాశ్వత పరిష్కారం, అంటే జమీందారు ప్రభుత్వానికి చెల్లించే పేష్కషును శాశ్వతంగా నిర్ణయించిన పద్ధతి, జమీందారులలో చాలామందిని బాకీలలోకి, ఎస్టేట్లను వేలంలోకి ఈడ్చింది. ప్రభుత్వం నేరుగా వసూలు చేసుకున్న ఊళ్లలో పలుచోట్ల విశాబడి పద్ధతి నడిచింది. అంటే ఊరి మొత్తానికి ఒక శిస్తు కట్టి, దానిని రైతులు వీసాల చొప్పున, అనగా పదహారో వంతుల లెక్కన, తమలో తాము పంచుకోవడం. పంట పండిన ఏడు ఇది సవ్యంగా నడిచేది. పంట పోయి ఒక రైతు ఊరు విడిచిన ఏడు, అతని వీసం మిగిలినవారి నెత్తిన పడేది. ఆ బరువు మోయలేక మరొకరు కదిలేవారు. చివరివరకూ ఊరిని అంటిపెట్టుకొని కష్టపడినవాడి మీదే ఎక్కువ భారం పడే ఏర్పాటు ఇది. అందరికంటే ఓర్పున్న రైతే అందరికంటే చివర, అందరికంటే ఎక్కువ నష్టపోయి బయలుదేరవలసి వచ్చింది.

ఈ స్థితిలో 1832–33 నాటి నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. పొరుగున ఉన్న గుంటూరు జిల్లాలో సుమారు ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయి ఉంటారని ఆనాటి అధికారులు అంచనా వేశారు. కృష్ణా, గోదావరి నడుమ ఉన్న ఊళ్లకూ ఆ దెబ్బ తగిలింది. రెండు మహానదుల నడుమ నేల నీరు లేక బీటలు వారుతుండగా, వరద కాలంలో అదే నీరు ఊళ్లను ముంచి సముద్రంలో కలిసిపోయేది. 1839 నవంబరులో కోరంగి తీరాన్ని తుఫాను ఉప్పెన ముంచెత్తి, రేవును, ఓడలను, వాటి మీద బతికే వర్తకులను ధ్వంసం చేసింది. అంటే ఇరవై ఏళ్ల వ్యవధిలో మార్కెట్టు, పంట, రేవు అనే మూడు ఆధారాలూ పోయాయి. పన్ను ఒక్కటే నిలిచింది. వీటిలో ఏ ఒక్కటి పోయినా తట్టుకోగలిగిన కుటుంబం, అన్నీ కలిసి వచ్చినప్పుడు తట్టుకోలేకపోయింది.

అటువంటి కుటుంబాలకు ఆనాడున్న ఆసరా సత్రం. యాత్రికులకూ బాటసారులకూ అన్నం పెట్టి, సాధారణంగా మూడు రోజుల వరకు నిలువనీడ ఇచ్చే ధర్మస్థానాన్ని సత్రం అంటారు. సత్రాల, గుళ్ల ధర్మాదాయాలను పర్యవేక్షించడానికి 1817లోనే మద్రాసు ప్రభుత్వం ఒక రెగ్యులేషను చేసింది. 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో గోదావరి లంకల్లోని గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) ఆకలితో వచ్చినవారికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టి ఆ సంప్రదాయానికి కొత్త వెలుగు తెచ్చింది. అయితే సత్రాల వ్యవస్థకు రెండు పరిమితులున్నాయి. అది దారిన పోయేవారి కోసం ఏర్పడింది గాని, పోవడానికి చోటు లేనివారి కోసం కాదు. చాలా సత్రాలలో కులాన్ని బట్టి పంక్తి ఉండేది కనుక, మాన్యం పోయిన పండితుడికి దొరికిన విస్తరి మగ్గం పోయిన నేతగాడికి దొరకలేదు. వీటికి మించి, నిన్నటిదాకా నలుగురికి పెట్టిన చెయ్యి నేడు చాపవలసి రావడంలోని నామోషీ ఎంతోమందిని సొంత సీమలోని సత్రం గడప ఎక్కనీయక, ఎవరూ ఎరగని దూరదేశానికి నడిపించింది. 1830ల చివరి నుంచి కోరంగి రేవు మీదుగా మారిషస్ చెరకు తోటలకు తెలుగు కూలీలు ఓడలెక్కడం ఈ నేపథ్యంలో జరిగిన పరిణామమే.

ఆనకట్ట తిరిగి ఇచ్చినది, ఇవ్వలేనిది

సర్ హెన్రీ మాంట్‌గోమరీ 1844లో రాజమండ్రి జిల్లా దుస్థితి మీద సమర్పించిన నివేదిక, అదే కాలంలో ఆర్థర్ కాటన్ గోదావరి నీటిపారుదల మీద రాసిన నివేదికలు కలిసి మద్రాసు ప్రభుత్వాన్ని, లండనులోని డైరెక్టర్లను కదిలించాయి. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నదికి అడ్డంగా కట్టిన ఈ రాతి కట్టకు పడమటి కొసన విజ్జేశ్వరం దగ్గర బయలుదేరిన కాలువలు నరసాపురం, అత్తిలి, ఉండి, ఏలూరు వైపు చీలి, తణుకు తాలూకానూ దాని చుట్టుపక్కల నేలనూ తడిపాయి. ఏలూరు కాలువ కృష్ణా కాలువతో కలవడంతో నీటితోపాటు పడవ రవాణా కూడా ఏర్పడి, ధాన్యానికి దూరపు మార్కెట్టు దొరికింది.

దీనినుంచి తీసుకోవలసిన పాఠం స్పష్టమైనది. అంతకు పదేళ్ల క్రితం ఊళ్లు విడిచిపోయిన రైతులకూ, ఆ తరువాత ఈ డెల్టాను అన్నపూర్ణగా మార్చిన రైతులకూ వంశంలోగానీ నేర్పులోగానీ కష్టపడే గుణంలోగానీ తేడా లేదు. మారింది వారి గుణం కాదు, నీటి ఏర్పాటు. ప్రభుత్వం ఒక ఆధారాన్ని గట్టిగా నిలబెట్టగానే, అవే చేతులు నేలను బంగారం చేశాయి.

ఆనకట్ట మేలు అందరికీ సమానంగా అందలేదన్నది కూడా మరువరాదు. కాలువ నీరు రైతుకు వచ్చింది గాని, పోయిన మార్కెట్టు నేతగాడికి తిరిగి రాలేదు. పొలం లేని నేత కుటుంబాలు పెరిగిన పంటలో కూలి వాటాకు చేరాయి. ఏలూరు తంగెళ్లమూడి తివాచీ నేతగాళ్లు, పూర్వం పారశీకం నుంచి వచ్చి స్థిరపడినవారి సంతతిగా చెప్పుకొనేవారు, 1851 లండను మహాప్రదర్శనతో విదేశాలలో పేరు తెచ్చుకొని కూడా, చవక రంగులూ జైళ్లలో నేయించిన తివాచీల పోటీ వచ్చాక అదే ఒడుదొడుకులకు గురయ్యారు. నేతగాళ్ల కష్టం వేరే రకమైనదని ప్రభుత్వం గుర్తించడానికి 1876–78 నాటి ధాత కరువు రావలసి వచ్చింది. కరువులో జనం మొదట మానుకొనేది కొత్తబట్ట కొనడమే కనుక నేతగాడు అందరికంటే ముందు దెబ్బతింటాడనీ, రోడ్డు మీద కంకర కొట్టే పనికి పంపితే అతని వేళ్ల నేర్పు చెడిపోతుందనీ గ్రహించి, వారి చేత బట్ట నేయించి కొనే సహాయాన్ని ఆ తరువాతి కరువు నిబంధనలలో చేర్చారు. మనిషికి కూడు పెట్టడంతోపాటు అతని పనిముట్టును, పనిచోటును కాపాడాలన్న సూత్రం అక్కడ అధికార భాషలో చోటు చేసుకుంది.

ప్రోనోటు కాలం

ఆనకట్ట తరువాత మూడు తరాలకు డెల్టాలో భూమి విలువ పెరిగి, చదువు మీద ఆశ పెరిగింది. మచిలీపట్నం నోబుల్ కళాశాలకో, రాజమండ్రి ఆర్ట్స్ కళాశాలకో, మద్రాసుకో కొడుకును పంపి బి.ఏ., బి.ఎల్. చదివించడం మోతుబరి కుటుంబాలకే పరిమితం కాక, నాలుగైదు ఎకరాల రైతులకూ ఆశయమైంది. 1925లో ఏలూరు ముఖ్యపట్టణంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేనాటికి ప్లీడర్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులతో ఒక విద్యావంత వర్గం ఈ ఊళ్లలో తయారైంది. ఆ చదువులలో చాలావరకు అప్పు మీద, భూమి తాకట్టు మీద నడిచినవి.

1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యం ఈ వర్గాన్ని నేరుగా తాకింది. బర్మా బియ్యం చవకగా దిగుమతి కావడం కూడా తోడై, నాలుగేళ్లలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. ఆ కాలంలోనే గోదావరి, కృష్ణా డెల్టాలలో శిస్తును నూటికి పద్దెనిమిదీ ముప్పావు చొప్పున, అంటే రూపాయికి మూడణాలు, పెంచాలన్న రీసెటిల్‌మెంటు ప్రతిపాదన వచ్చి, ఎన్.జి. రంగా మొదలైనవారి నాయకత్వంలో రైతుల ఆందోళనకు దారితీసింది.

అప్పు ఇంటిని ఎలా మింగుతుందో తెలియాలంటే ప్రామిసరీ నోటు, వాడుకలో ప్రోనోటు, నడిచే తీరును చూడాలి. నోటుకు కాలదోషం పట్టే గడువు మూడేళ్లు కనుక, బాకీ తీరకపోతే మూడేళ్లకోసారి వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకొనేవారు. నూటికి నెలకు రూపాయి వడ్డీన తీసుకున్న వెయ్యి రూపాయలు మొదటి తిరగరాతకు 1,360, రెండోదానికి సుమారు 1,850, తొమ్మిదేళ్లకు సుమారు 2,515 రూపాయలు అవుతాయి. ఈలోగా ధాన్యం ధర సగమైతే, తీసుకున్ననాడు వంద బస్తాలు అమ్మితే తీరే అప్పు తొమ్మిదేళ్ల తరువాత అయిదు వందల బస్తాలకు గానీ తీరదు. రైతు పొలంలో ఎంత ఒళ్లు వంచినా అదే ఎకరంలో అయిదు రెట్ల పంట పండదు. ఇక్కడ తప్పు అతని కష్టంలో లేదు, లెక్కలోనే ఉంది.

ఆ తరువాతి మెట్లు అందరికీ తెలిసినవే: కోర్టులో డిక్రీ, జప్తు, ఊరి నడుమ టముకు వేయించి వేలం. 1908 సివిల్ ప్రొసీజరు కోడులోని 60వ సెక్షను వ్యవసాయదారుడు నివసించే ఇంటిని జప్తు నుంచి మినహాయించింది. కానీ అతడే ఆ ఇంటిని తనఖా పెట్టి ఉంటే ఈ మినహాయింపు కాపాడలేదు. వ్యవసాయదారుడు కాని ఉపాధ్యాయుడి ఇంటికి, చిల్లర వర్తకుడి ఇంటికి ఈ రక్ష మొదటినుంచీ లేదు. బాకీ తీర్చే దారి మూసుకుపోయినవారికి 1920 నాటి ప్రాంతీయ దివాలా చట్టం కింద పిటిషను వేసుకోవడమే మిగిలేది. ఐపీ పెట్టడం అని ఊళ్లో చెప్పుకొనే ఆ పని చట్టరీత్యా ఒక విముక్తి. లోకరీత్యా అది పరువు పోయినదానికి గుర్తు. అలాంటి ఇంటికి పిల్లనివ్వరు, హామీ నిలబడరు, కొత్త ఊళ్లో అద్దె ఇల్లు కూడా సులువుగా ఇవ్వరు. ఆస్తి పోయాక హామీ నిలిచేవారు కూడా పోవడమే బతికి చెడ్డ కుటుంబాన్ని చివరకు వీధిన పడేసేది.

దీనికి వచ్చిన జవాబు 1938 నాటి మద్రాసు రైతు రుణ విమోచన చట్టం. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 వరకు పేరుకున్న వడ్డీ అంతా ఈ చట్టంతో రద్దయి, అసలు మాత్రమే మిగిలింది. అసలుకు రెట్టింపు ఇప్పటికే చెల్లించి ఉంటే అప్పు పూర్తిగా తీరినట్టే లెక్క. ఎన్నో కుటుంబాల ఇళ్లను ఈ చట్టం నిలబెట్టింది. అయితే భూమిలో హక్కు ఉన్నవారికే అది వర్తించింది. పొలం అమ్మి చదువుకొని, ఉద్యోగం దొరకని పట్టభద్రుడికి, జీతం ఆగిపోయిన బడిపంతులుకు అందులో చోటు లేదు. విద్యావంతుడికి పేదరికం రాదన్న ఊహ శాసనకర్తలలోనూ ఉన్నందువల్లే, చదువుకొని చితికిపోయినవాడు చట్టం కంటికి ఆనలేదు.

రంగం పోయినవారు, తిరిగివచ్చినవారు

అప్పులతో ఊళ్లో తలెత్తుకోలేని కుటుంబాలకు 19వ శతాబ్దపు చివరి నుంచి కనబడిన దారి బర్మా. రంగూన్‌ను తెలుగువారు రంగం అన్నారు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి పొగ ఓడలెక్కి అక్కడి బియ్యం మిల్లులలో, ఓడరేవులో, రిక్షాలతో బతికిన కూలీలతోపాటు గుమాస్తాలు, దుకాణదారులు, ఉపాధ్యాయులు కూడా వెళ్లారు. 1930 మేలో రేవు కూలి పని మీద తెలుగువారికీ బర్మీయులకూ నడుమ చెలరేగిన అల్లర్లు వారి బతుకుకు మొదటి హెచ్చరిక. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, లక్షలాది భారతీయులు ఓడలలోనూ, అరకాను కనుమల మీదుగానూ, తమూ నుంచి ఇంఫాలు దాకా కాలినడకనూ స్వదేశం పట్టారు. దారిలో కలరాకూ ఆకలికీ వేలాదిమంది బలైపోయారు. యుద్ధం తరువాత తిరిగి వెళ్లి మళ్లీ నిలదొక్కుకున్నవారిని 1964లో జనరల్ నె విన్ ప్రభుత్వం దుకాణాల జాతీయకరణతో, అదే ఏడు మే నెలలో 50, 100 చాట్ నోట్ల రద్దుతో రెండోసారి కూలదోసింది.

ఈసారి వచ్చినవారిని భారత ప్రభుత్వం కాందిశీకులుగా గుర్తించి, శిబిరాలు, ఇళ్ల స్థలాలు, చిన్న వ్యాపారాలకు అప్పులు ఏర్పాటు చేసింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు అప్పటి నుంచే నిలిచింది. 1942లో నడిచి వచ్చినవారిలో చాలామంది ఇంత సాయం అందక, బంధువుల వసారాలలో తలదాచుకున్నారు; 1964లో వచ్చినవారు ఇబ్బందులు పడినా ఒక తరంలో తిరిగి కుదుటపడ్డారు. రెండు తరాలవారి కష్టపడే గుణం ఒకటే. తలదాచుకోవడానికి చోటు, చేతిలో ఒక గుర్తింపు కాగితం, పని మొదలుపెట్టడానికి కొంత పెట్టుబడి దొరకడమే తేడా.

నేటి డెల్టా

ఈ పాఠాలు గతానికే చెందినవి కావు. కొల్లేటిలో 1976 నుంచి ప్రభుత్వమే ప్రోత్సహించిన సహకార చేపల చెరువులను నమ్ముకొని లంక గ్రామాలవారు తమ బతుకును మలచుకోగా, 1999లో అయిదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టం కంటే అయిదు అడుగుల ఎత్తు గీత దాకా, సరస్సు అభయారణ్యంగా ప్రకటితమైంది. 2002లో అది రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. సుప్రీంకోర్టు ఆదేశాల నడుమ 2006లో చెరువుల గట్లను పేల్చి తొలగించారు. సరస్సును కాపాడవలసిన అవసరం నిజమైనదే. కానీ పెద్ద పెట్టుబడిదారు మరొకచోట చెరువు తవ్వుకోగలిగాడు; లీజు సొమ్మే ఆదాయంగా, ఆ ధీమాతో అప్పు చేసి ఇల్లు కట్టుకున్న లంకవాసికి మాత్రం వలస దారి పట్టక తప్పలేదు.

వరి పొలాలలో ఇదే స్థితి కౌలు రైతుది. ఉభయ గోదావరి జిల్లాలలో సాగు చాలావరకు కౌలుదారుల చేతుల్లోనే ఉంది. వారికి గుర్తింపు కార్డులిచ్చి బ్యాంకు రుణం అందించడానికి 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వచ్చాయి. రెండో చట్టం కింద కార్డు పొందడానికి భూయజమాని సంతకం కావలసి రావడంతో, ఎంతోమంది మళ్లీ ప్రోనోటు దగ్గరికే చేరారు. పిల్లలను ఇంజనీరింగు చదివిస్తూ, కౌలు చేస్తూ, తుఫానుకు ఒక సార్వా పంట, ధర లేక ఒక దాళ్వా పంట పోగొట్టుకున్న కుటుంబానికి 1930లనాటి లెక్కే వర్తిస్తుంది. పట్టణాలకు వస్తే, జనాభాలో లక్షమందికి ఒకటి చొప్పున నిరాశ్రయుల వసతి గృహం ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. 2013లో మొదలైన పట్టణ జీవనోపాధుల మిషను కింద వాటికి నిధులూ వచ్చాయి. అయితే భార్యాబిడ్డలతో, పుస్తకాల సంచీతో, మందుల చీటీలతో వచ్చే కుటుంబానికి, ఒంటరి కూలీ కోసం పరిచిన చాపల వరుస సరిపోదు.

రెండు వందల ఏళ్ల ఈ చరిత్ర ఒక తీర్పు చెబుతోంది. మాన్యం లేని పండితుడు, మార్కెట్టు పోయిన నేతగాడు, నోటు తిరగరాసిన రైతు, రంగం నుంచి నడిచి వచ్చిన గుమాస్తా, సంతకం దొరకని కౌలుదారు, వీరెవరూ సోమరితనం వల్ల ఇల్లు పోగొట్టుకోలేదు. నీటి ఏర్పాటో, రుణ చట్టమో, పునరావాసమో వచ్చిన ప్రతిసారీ, అది అందినవారు తిరిగి నిలబడ్డారు. కనుక మనిషి నివసించే ఒక్క ఇంటిని, అతడు రైతయినా ఉపాధ్యాయుడైనా, అప్పు జప్తుకు దూరంగా ఉంచే చట్టం కావాలి. భూయజమాని సంతకంతో నిమిత్తం లేకుండా, సాగుచేసేవాడిని గ్రామసభ సాక్ష్యంతో గుర్తించే పద్ధతి కావాలి. తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు వంటి ప్రతి పట్టణంలోనూ కుటుంబంతో కలిసి కొన్ని నెలలైనా ఉండి, ఆ చిరునామాతో పని వెదుక్కోగలిగే వసతి గృహం కావాలి. వీటిని అడగవలసిన బాధ్యత ఇల్లు పోయినవారిది కాదు. అడిగే స్థితిలో వారు ఉండరు. ఇంకా ఇల్లు ఉన్నవారే అడగాలి.